బూడిదరంగు తాను

ఏప్రిల్ 27, ఆదివారం. సాయంత్రం 6.30

ఈ డైరీ జనవరిలో యోగా కోసం కొన్నది. యోగా నాలుగు పేజీలు నడిచింది. ఆ నాలుగూ ఇప్పుడే చింపేశాను. ఇక నుంచి ఇది స్టైల్ డైరీ!

కారణం రాస్తున్నాను, రేపు నేనే మరిచిపోకుండా.

మధ్యాహ్నం 4 గంటలకు మంచినీళ్ళకని వంటింటి వైపు వెళ్ళాను. లోపల మా అమ్మాయి మోహన వాళ్ళమ్మ పంకజాక్షితో మాట్లాడుతోంది. మోహనకు పదో తరగతిలో ఆరొందలకు అయిదొందల డెబ్బయి మూడు వచ్చాయి. మే 18న వాళ్ళ స్కూలువాళ్ళు కల్యాణ మండపంలో సన్మానం పెట్టారు. పిల్లలతో పాటు తల్లిదండ్రులు కూడా వేదిక ఎక్కాలట.

"నాయన వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటేమ్మా. యాడో ఎనకాల గోడకు ఆనుకోని నిలబడతాడు. నా ఫొటోల్లో ఒక్కదాంట్లో అన్నా ఉండాడా సూడు."

పంకజాక్షి ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. నేను నీళ్ళు తాగకుండా వెనక్కి వచ్చేశాను.

బీరువా తెరిచాను. ఆఫీసు చొక్కాలు అయిదు. అయిదూ బూడిదరంగు. అయిదూ ఒకే తాను గుడ్డ. ఆరేళ్ళ కిందట గాంధీ రోడ్డులో ఒక బట్టల కొట్టు మూసేస్తుంటే తాను మొత్తం తెచ్చి టైలర్ వలి బాషా దగ్గర పడేశాను. ఏడాదికొకటి చొప్పున కుడుతున్నాడు. ఇంకా ఆరు మీటర్లు ఉంది.

బూడిదే ఎందుకంటే, దానికీ కథ ఉంది. పందొమ్మిదేళ్ళ కిందట కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరిన రోజు పసుప్పచ్చ చొక్కా వేసుకుని వెళ్ళాను. అప్పటి సూపరింటెండెంటు వరదయ్య సార్ కళ్ళద్దాలు పైకెత్తి నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఏమప్పా, పెండ్లికొడుకా? పెండ్లికూతురు యాడ?" అన్నాడు. సెక్షనంతా నవ్వింది. పదకొండు మంది. లెక్కపెట్టాను. ఆ చొక్కా మళ్ళీ వేసుకోలేదు. మా ఆఫీసు గోడలు బూడిదరంగు. వాటికి మ్యాచ్ అయ్యే చొక్కా వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఎవరూ చూడను కూడా చూడరు.

ఫొటోలో పడకపోవడంలో ఫొటోగ్రాఫరు తప్పేమీ లేదు.

నిర్ణయం: ఇరవై ఒక్క రోజులు. ఏ అలవాటైనా ఇరవై ఒక్క రోజుల్లో ఒంటపడుతుందని ఫోన్లో వీడియో చూస్తుంటే ఒకాయన చెప్పాడు. ఆయన కోటు చాలా బాగుంది. రేపు మొదటి రోజైతే ఇరవై ఒకటో రోజు సరిగ్గా మే 18! దైవ నిర్ణయం!!

నియమాలు:
1. బూడిదరంగు బంద్.
2. చొక్కా టక్.
3. చెప్పులు ఇంటి దగ్గరే. ఆఫీసుకు బూట్లు.
4. జేబులో ఒక్క పెన్ను. (ఇప్పుడు ఉన్నవి: పెన్నులు నాలుగు, పాత బస్సు టికెట్లు, విభూది పొట్లం, బీపీ మాత్రలు, ఎవరిదో పాస్‌పోర్టు ఫొటో.)
5. నడిచేటప్పుడు నేల చూడకూడదు. ఇదే అన్నిటికంటే ముఖ్యమట.

ఏప్రిల్ 28, సోమవారం. 1వ రోజు

మా బావమరిది మూడేళ్ళ కిందట పెట్టిన లేతనీలం చొక్కా, పెట్టె కూడా తెరవనిది, తీశాను. గుండుసూదులు ఏడు ఉంటాయని పెట్టె మీద ఎవరూ రాయలేదు. నాకు ఆరు దొరికాయి.

ఏడోది కాలర్ వెనక ఉంది. తల దించితే గుచ్చుకుంటోంది, పక్కకు తిప్పినా గుచ్చుకుంటోంది. కొత్త చొక్కా కాబట్టి గంజి అనుకున్నాను. పక్క సీటు స్టెల్లా మేడం పిలిస్తే ఒళ్ళంతా తిప్పి జవాబు చెప్పాను. పదకొండు గంటలకు ఆవిడ నా టేబుల్ మీద నొప్పుల మందు సీసా పెట్టి, "మెడ పట్టేసినట్టుంది సార్, రాసుకోండి" అని వెళ్ళిపోయింది. చొక్కా సంగతి ఎత్తలేదు.

4.15కి సూది దొరికింది.

ఒక లాభం ఉంది. అయిదో నియమం నూటికి నూరు పాళ్ళు పాటించాను. నేల చూస్తే పొడుచుకునేది.

సాయంత్రం వలి బాషా కొట్టుకు వెళ్ళాను. నన్ను చూడగానే టేబుల్ కింద నుంచి నా తాను లాగాడు. వద్దు, వేరే రంగు కావాలన్నాను. కత్తెర కింద పెట్టి, ఇంట్లోకి కేకేసి భార్య రంజాన్‌బీని పిలిచాడు. ఈ మాట ఆమె కూడా వినాలట. రంగు ఆమే తేల్చింది. మెరూన్! కొలతలు తీసుకోవా అని అడిగితే, "నీ కొలతలు నాకు నోటికి వచ్చునప్పా. ఆ పొట్ట ఒకటే ఏడాదికొకసారి సూసుకోవాల" అన్నాడు.

ఏప్రిల్ 29, మంగళవారం. 2వ రోజు

ఉదయం 8.40: బూట్లు. నేల చూడకుండా నడక. భలే ఉంది! లోకం ఎంత ఎత్తుగా ఉందో!
ఉదయం 8.43: ఆవు పేడ.
ఉదయం 8.44 నుంచి 9.10: మునిసిపాలిటీ కుళాయి దగ్గర.

నియమం 5కి సవరణ: పది అడుగులకొకసారి నేల చూడవచ్చు.

ఏప్రిల్ 30, బుధవారం. 3వ రోజు

టక్. బయట నలభై ఒక్క డిగ్రీలు. బెల్టు ఒక బొక్క లోపలికి బిగించాను, పొట్ట లోపలికి పోయినట్టే ఉంది. ఊపిరి కూడా లోపలే ఉండిపోయింది.

పై అరలో ఫైలు తీయడానికి చెయ్యెత్తితే కుడి పక్క టక్ బయటికొస్తుంది. దాన్ని లోపలికి తోస్తే ఎడమ పక్కది వస్తుంది. మధ్యాహ్నం నుంచి పై అర ఫైళ్ళన్నీ "దొరకలేదు, రేపు రండి" అని పంపించేశాను.

మే 1, గురువారం. 4వ రోజు. సెలవు

మెరూన్ చొక్కా వచ్చింది! వలి బాషా చెయ్యి బంగారం. భుజాల దగ్గర అతికినట్టు ఉంది. అద్దంలో ఎవరో కాస్త పనికొచ్చే మనిషి నిలబడ్డాడు. హాల్లోకి వెళ్ళి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. మూడోసారికి మోహన ఫోన్లోంచి తలెత్తి, "బాగుండాది నాయనా" అంది.

రెండే మాటలు. కానీ తలెత్తి అంది. రాసి పెట్టుకుంటున్నాను.

పంకజాక్షి డ్యూటీ నుంచి వచ్చి చూసింది. ఆమె ఆర్టీసీ కండక్టరు, తిరుపతి చిత్తూరు బస్సు మీద. చీర మీద ఖాకీ చొక్కా తగిలించుకుని అరవై మంది మధ్యలో నిలబడి గొంతెత్తడం ఆమె ఉద్యోగం. ఏం వేసుకోవాలా అని పొద్దున్నే అయిదు నిమిషాలు బీరువా ముందు నిలబడటం ఆమెకు తెలీదు. చూసి, "బాగుండాది బావా. రేపు ఆఫీసుకు ఏసుకోని పో, దాసి పెట్టబాక" అంది.

దాచిపెట్టను!

మే 2, శుక్రవారం. 5వ రోజు

ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను.

ఉదయం 8.50కి బస్టాండు దగ్గర ఆటో దిగాను. మెరూన్ చొక్కా, నల్ల ప్యాంటు, బూట్లు, టక్, ఎదురుగా చూపు. అరవ కుటుంబం ఒకటి, ఏడుగురు, కొత్తగా గుండ్లు చేయించుకుని గంధం పూసుకుని ఎదురొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ నా కళ్ళలోకి చూసింది. నేను కూడా ఆవిడ కళ్ళలోకి చూశాను, నియమం కాబట్టి. ఆవిడ తిన్నగా వచ్చి పెద్ద సూట్‌కేసు నా చేతికిచ్చి, రూము ఏ అంతస్తు అని అరవంలో అడిగింది.

నా వెనక లాడ్జి ఉంది. ఆ లాడ్జి గుమ్మంలో ముగ్గురు సిబ్బంది నిలబడి ఉన్నారు. ముగ్గురికీ మెరూన్ చొక్కా, నల్ల ప్యాంటు.

కాదని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. కానీ ఏడుగురు చూస్తున్నారు, లాడ్జివాళ్ళు ముగ్గురు చూస్తున్నారు, మొత్తం పది మంది. సూట్‌కేసు రెండో అంతస్తుకు మోశాను. రూము తాళం తీయడానికి అసలు మనిషి వచ్చి నన్ను చూసి, "కొత్తగా చేరినావాన్నా?" అన్నాడు. అవునన్నాను!

ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. ఎవరికీ తెలీదు కదా. అయినా రోజంతా ఫైలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

మే 3, శనివారం. 6వ రోజు

మెరూన్ ఉతకాలి. నీలం చొక్కా కాలర్ దగ్గర సూది పడిన చోట చిన్న చిల్లు ఉంది, ఎవరికీ కనపడదు, కానీ నాకు తెలుసు. అందుచేత ఈ ఒక్క రోజుకు బూడిద. టక్ చేశాను కాబట్టి సగం నియమం పాటించినట్టే.

మే 5, సోమవారం. 8వ రోజు

నిన్న ఆదివారం. ఆదివారం ఇంట్లో లుంగీ కాబట్టి లెక్కలోకి రాదు.

ఈ రోజు బూడిద. కారణాలు:
ముదురు రంగులు ఎండను లాగుతాయి.
మెరూన్ మొదటి ఉతుకులో రంగు వదిలింది. రెండోసారి ఏమవుతుందో.
బూట్లు కరిచాయి. బూట్లు లేకుండా టక్ బాగుండదు. టక్ లేకుండా మెరూన్ బాగుండదు. తప్పు బూట్లది.

జేబులో పెన్నులు: మూడు.

మే 6, మంగళవారం. 9వ రోజు

ఈ రోజు మా తిరుపతి గంగమ్మ జాతర చాటింపు. ఇక జాతర అయ్యేదాకా ఊరివాళ్ళెవరూ రాత్రికి పొలిమేర బయట ఉండకూడదు. ఈ సంగతి ఇప్పుడు నాకెందుకు ముఖ్యమయ్యిందంటే, లేకుంటే ఐరాలలో మా అక్క ఇంటికి పారిపోయేవాణ్ణి.

సాయంత్రం కాఫీ ఇస్తూ పంకజాక్షి చల్లగా చెప్పింది. మోహనకు అయిదొందల యాభై దాటితే జాతరలో నా చేత వేషం కట్టిస్తానని గంగమ్మకు మొక్కుకుందట.

మా ఊళ్ళో ఇది కొత్త కాదు. జాతరలో మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టి, గాజులు వేసుకుని అమ్మవారి గుడికి వెళ్ళి మొక్కు చెల్లిస్తారు. మా నాయన మునిరామయ్య ప్రతి ఏడాదీ కట్టేవాడు. నేను కూడా పన్నెండేళ్ళ దాకా కట్టాను. తప్పేమీ లేదు, భక్తి. కానీ మెరూన్ చొక్కా వేసుకుని బస్టాండు దాటలేని మనిషి ఎర్ర చీర కట్టుకుని మా కొర్లగుంట నుంచి తాతయ్యగుంట గుడి దాకా నడవాలి!

నన్ను ఒక్క మాట అడగలేదేమని అన్నాను.

"అడిగుంటే వద్దనుండేవాడివి గదా బావా."

 నిజంగానే వద్దనేవాణ్ణి.

మే 7, బుధవారం. 10వ రోజు

వలి బాషా కొట్టు ముందు మగవాళ్ళ వరస. అందరూ జాకెట్ల కోసమే. ఆటో డ్రైవర్లు, ఒక లెక్చరరు, మా వీధి గ్యాసు గోవిందయ్య. ఎవరూ సిగ్గుపడటం లేదు. చేతులు మోచేతి దాకానా, పైకా అని చర్చలు పెట్టుకుంటున్నారు. వలి బాషా వాళ్ళ నాయన కాలం నుంచీ జాతర జాకెట్లు ఆ కొట్లోనే కుడుతున్నారట. ఈ వారం రోజులూ వలి బాషా వేరే పని ముట్టడు.

ఈసారి నాకు కూడా టేపు పెట్టాడు. నేను దగ్గరికి వంగి, బూడిదరంగు ఏమైనా ఉందా అని మెల్లగా అడిగాను.

"గంగమ్మ కాడికి బూడిద జాకెట్లో పోతావా నువ్వు?" అన్నాడు, మెల్లగా కాదు. గోవిందయ్య వెనక్కి తిరిగి చూశాడు.

ఎరుపు రాయించుకుని వచ్చేశాను.

మే 9, శుక్రవారం. 12వ రోజు

ఈ పేజీ రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఉదయం 9.30: బూడిద. టక్ లేదు. చెప్పులు. పెన్నులు నాలుగు.

సాయంత్రం 5.45: వలి బాషా కొట్టుకు వెళ్ళి, జాకెట్లయ్యాక ఆ తానులోంచి ఇంకొక చొక్కా కుట్టమని చెప్పాను. ఆరోది.  తాను తీసి, దుమ్ము దులిపి, మీటరు కర్ర పెట్టి కొలిచాడు. రంజాన్‌బీ లోపలి నుంచి చూసి తలుపు దగ్గరికి వేసుకుంది.

రాత్రి 7.30: మోహనకు అబద్ధం చెప్పాను. మే 18న ఆఫీసులో ప్రవేశ పరీక్ష డ్యూటీ పడింది, సన్మానానికి రాలేను, అమ్మను తీసుకుపో అన్నాను. వందల మంది ముందు వేదిక మీద నిలబడితే ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. నా కూతురు పక్కన ఉండగా అంటారు. అది నేను పడలేను. ఇవేవీ దానికి చెప్పలేదు. డ్యూటీ అని మాత్రం చెప్పాను.

అడుగుతుందనుకున్నాను. కోప్పడుతుందనుకున్నాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను.

"సరే నాయనా" అంది. అంతే. మళ్ళీ ఫోన్ చూసుకుంది.

ఆ రెండు మాటలు కూడా రాసి పెట్టుకుంటున్నాను. మే 1న రాసిన రెండు మాటలకు ఇవి చెల్లు.

మే 10, 11, 12

బూడిద. లుంగీ. బూడిద.

మే 13, మంగళవారం. 16వ రోజు. జాతర

చేతికి ఇంకా గాజులున్నాయి. తీయబుద్ధి కావడం లేదు. తీరిగ్గా రాస్తాను.

ఉదయం 5.00: తలస్నానం. పంకజాక్షి తన పెళ్ళినాటి ఎర్ర చీర తీసింది, ఆకుపచ్చ అంచుది. కుచ్చిళ్ళు పెట్టి నడుముకు దోపి, "ఊపిరి వదులు బావా, పడిపోతావు" అంది. మోహన స్టూలు మీద కూర్చుని నా కళ్ళకు కాటుక దిద్దింది. అంత దగ్గరగా దాని ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. సవరం పెట్టి కనకాంబరాలు చుట్టింది. మీసం తీయాలా అని అడిగాను.

"అక్కర్లే నాయనా. నువ్వెవరో అమ్మవారికి తెలుసు."

5.50: గుమ్మం. కాళ్ళు కదల్లేదు. చేతిలో వేపమండలు. పంకజాక్షి పొంగలి బుట్ట నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. ఇక దారి లేదు.

మొదటి మలుపు దాకా నేల చూసుకుంటూ నడిచాను. అక్కడ పాలు తెస్తున్న ముసలాయన సైకిల్ దిగి, క్యాన్లు పట్టుకునే రెండు చేతులూ జోడించాడు. వెనక ఎవరున్నారా అని చూశాను. ఎవరూ లేరు. నాకే.

ఆ తర్వాత ఎక్కడ నేల చూశానో గుర్తు లేదు. బహుశా చూడలేదు. చీరలో నేల చూడటం కష్టం కూడా, కుచ్చిళ్ళు అడ్డం. ట్రాఫిక్ ఆపి పోలీసమ్మ దారి ఇచ్చింది. చిన్నపిల్లలు బొట్టు పెట్టమని ముఖాలు చాపారు, పెట్టాను. వీధంతా ఎర్ర చీరలు, పచ్చ చీరలు, మీసాలు, గాజుల చప్పుడు. నేను బాగున్నానా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. అమ్మవారికి వేసుకున్నదానికి మనుషులు మార్కులు వేయరు.

7.20: గుడి వరసలో నా ముందు ఒక లావుపాటి పసుప్పచ్చ చీర. తల నిండా మల్లెపూలు. కుచ్చిళ్ళు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని అవస్థ పడుతోంది. వెనక్కి తిరిగింది. బట్టతల మీద జారిన సవరం, ముక్కు మీద కళ్ళద్దాలు.

వరదయ్య సార్!

రిటైరై ఎనిమిదేళ్ళు. నన్ను చూసి సంతోషపడిపోయాడు. "మునికుమార్, బాగుండావా అప్పా? ఈ కుచ్చిళ్ళు కొంచెం సూడు, నిలబడ్నీకుండా సేస్తుండాయి" అన్నాడు.

వంగి కుచ్చిళ్ళు సరిచేశాను. పసుప్పచ్చ కుచ్చిళ్ళు. పొద్దున పంకజాక్షి చేసినట్టే మడిచి గట్టిగా దోపాను. దోపుతూ అడిగేశాను. సార్, నేను చేరిన రోజు పసుప్పచ్చ చొక్కా వేసుకొస్తే మీరు పెండ్లికొడుకా అన్నారు, గుర్తుందా అని.

సవరం సర్దుకుని కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"నేనా? ఎప్పుడు? పసుపు చొక్కానా?" అన్నాడు. "ఆ పొద్దు నువ్వేం రంగు ఏసుకోనొచ్చినావో నాకేం తెలుసప్పా. నేను ఎవురొచ్చినా అదే అంటా ఉన్న్యా."

ఎవరొచ్చినా అదే అనేవాడట.

పందొమ్మిదేళ్ళు. దాదాపు ఒక తాను. అన్నవాడికి గుర్తు లేదు, నవ్విన పదకొండు మందికీ గుర్తుండదు. ఆ మాటను మోసింది నేనొక్కణ్ణి, రోజూ ఇస్త్రీ చేసి మరీ. వరసలో నిలబడి నవ్వాను. ఎందుకో చెప్పమని వరదయ్య సార్ అడిగాడు. చెప్పలేదు. ఆయనది దేవుడికి దణ్ణాలు పెట్టుకునే వయసు, బాధపెట్టడం ఎందుకు.

దర్శనం అయ్యాక మోహన ఫొటో తీసింది. మామూలుగా ఫోను పైకెత్తగానే నేను పక్కకు జరుగుతాను. ఈ రోజు జరగలేదు. అది ఫోన్లో చూసుకుని నవ్వి, స్టేటస్‌లో పెట్టింది. కింద రాసింది: మా నాయన.

మే 14, బుధవారం. 17వ రోజు

స్టెల్లా మేడం నిన్న చర్చి వీధి మొదట్లో స్కూటీ ఆపుకుని నన్ను చూసిందట. "నేను మిమ్మల్ని గుర్తుపట్టింది వాచీ చూసి సార్. నడక చూస్తే మీరనుకోలేదు" అంది.

నేను ఆ మాట వింటున్నప్పుడు బూడిద చొక్కాలో ఉన్నాను. జాతరకు పెట్టుకున్న గోరింటాకు చేతుల్తో.

సాయంత్రం మోహనకు నిజం చెప్పాను. 18న డ్యూటీ ఏమీ లేదు, భయపడ్డాను అన్నాను. "తెలుసు నాయనా. ఆదివారం మీ ఆఫీసుకు తాళం" అంది. వస్తావా అని అడగలేదు. వస్తానని నేను కూడా గట్టిగా అనలేదు. రేపటి రోజు మనది కాదు, ముఖ్యంగా నాది.

మే 18, ఆదివారం. 21వ రోజు

ఉదయం 8.00: బీరువా. మెరూన్ ఇస్త్రీ అయ్యి హ్యాంగరుకు ఉంది. పక్కనే నిన్న వలి బాషా పంపిన కొత్త బూడిద.

8.20: ఇంకా బీరువా.

8.40: చెయ్యి దానంతట అదే బూడిద మీదికి పోయింది. నా చేతుల్ని నేనేం చేసేది. ఇరవై ఒక్క రోజుల్లో ఏ అలవాటైనా ఒంటపడుతుందని చెప్పిన కోటాయనకు నా నమస్కారాలు.

మోహన నన్ను చూసింది. ఏమీ అనలేదు. అది లేతనీలం పరికిణీ కట్టుకుని ఎంత బాగుందో నేను కూడా అనలేదు.

మండపం నిండిపోయింది. నేను వెళ్ళి గోడ దగ్గర, పెద్ద ఫ్యాను పక్కన నిలబడ్డాను. గాలి కోసం అని పంకజాక్షికి చెప్పాను. ఆమె మధ్య వరసలో కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు, తల్లీ తండ్రీ రెండు పక్కలా నిలబడుతున్నారు, శాలువా, ఫొటో, దిగడం.

11.10: మోహన పేరు పిలిచారు. ఎక్కింది. తల్లిదండ్రులు రావాలని మైకులో అన్నారు. పంకజాక్షి లేచి నిలబడింది. మోహన వేదిక మీద నుంచి తిన్నగా ఫ్యాను వైపు చూసింది. నేను ఎక్కడ ఉంటానో దానికి తెలుసు. వెతకాల్సిన పని కూడా లేదు.

నేను గోడ వదల్లేదు. మైకాయన రెండోసారి పిలిచాడు. తలలన్నీ వెనక్కి తిరుగుతున్నాయి. లెక్కపెట్టబోయాను, అలవాటు.

అప్పుడు మధ్య వరసలోంచి, తిరుపతి చిత్తూరు బస్సులో ఎనిమిదేళ్ళుగా వినపడుతున్న గొంతు వినపడింది.

"ముందుకు జరగండి సార్! ముందర ఖాళీ ఉండాది!"

మండపం మొత్తం నవ్వింది. మూడొందల మంది ఉంటారు. పదకొండు మంది నవ్వితే పందొమ్మిదేళ్ళు దాక్కున్నవాణ్ణి. నా నోట్లోంచి కూడా నవ్వు వచ్చేసింది. కుర్చీల మధ్య నుంచి నడిచాను. చీర లేదు, వేపమండలు లేవు, ఎవరూ చేతులు జోడించలేదు. నడిచాను అంతే. మెట్లెక్కి అంచున నిలబడబోతే మోహన నా మోచెయ్యి పట్టి లాగి మధ్యలో పెట్టింది. కాలర్ సరిచేసింది.

"చొక్కా ఏదైతే ఏం నాయనా. నువ్వు నా పక్కన నిలబడితే సాలు."

దానికి కావాల్సింది చొక్కా కాదు. ఏప్రిల్ 27న వంటింటి గుమ్మంలో విన్నది మళ్ళీ చదివి చూశాను. అది అసలు చొక్కా మాటే ఎత్తలేదు. వెనకాల నిలబడతాడనే అంది. ఇరవై ఒక్క రోజులు నేను చొక్కాతో కుస్తీ పట్టాను.

ఫొటో వచ్చింది. ముగ్గురం ఉన్నాం. నేను మధ్యలో, బూడిద చొక్కాలో, కళ్ళు చెమ్మగా, నోరు కొంచెం తెరుచుకుని. స్టైల్ సున్నా. ఆ ఫొటో ఫ్రేము కట్టించడానికి ఇచ్చి వచ్చాను.

మే 19, సోమవారం. 1వ రోజు

ఈసారి మొదటి రోజు వేరు. కొత్త నియమాలు:
1. బూడిదరంగు బంద్. (తానులో మిగిలిన ముక్క వలి బాషాకు ఇచ్చేశాను. కొట్టుకు తెర కుట్టుకుంటాడట. రంజాన్‌బీ సంతోషించింది.)
2. టక్ ఆలోచిస్తాను.
3. పసుప్పచ్చ గుడ్డ ఎంచాను. గురువారానికి ఇస్తాడు.
4. ముందుకు జరగాలి.

ఉదయం 8.50: మెరూన్. బస్టాండు. లాడ్జి ముందు నుంచే వెళ్ళాను, కావాలనే. అరవ పెద్దావిడ ఒకామె, ఒంటరిగా, రెండు సంచులు. తిన్నగా నా దగ్గరికి వచ్చి ఒక సంచి చేతికిచ్చింది. ఆవిడ కళ్ళలోకి చూసి, నేను లాడ్జి మనిషిని కానమ్మా అని గట్టిగా చెప్పాను. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి!

ఆవిడకు తెలుగు రాదు. రెండో సంచి కూడా ఇచ్చింది.

మూడో అంతస్తు. మోశాను. నేల చూడకుండా మోశాను.